పావురం చెవిలో చెప్పిన పాటలేనా?

ఆది క్రైస్తవ గానం గురించి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఒకే ప్రశ్నను తిప్పి తిప్పి అడిగినవి చాలా ఉన్నాయి. వాటిని కలిపి ఒక్కసారే జవాబు రాస్తున్నాను. కొన్ని జవాబులు పొడుగయ్యాయి. విషయం అలాంటిది.

*

సందేహం: మా విచారణ గుడిలో పిల్లలకు పాటలు నేర్పుతుంటాను. లాటిన్ పూజ విని పెరిగిన మా నాన్నగారు, గ్రెగోరియన్ గానాన్ని పవిత్రాత్మ పావురం రూపంలో వచ్చి పోపు గ్రెగోరీ గారి చెవిలో చెప్పిందని అనేవారు. ఆ బొమ్మ నేనూ చూశాను. ఇందులో నిజమెంత?
– గుంటూరు నుంచి ఒక గాయక బృంద శిక్షకుడు

సమాధానం: మీ నాన్నగారు చెప్పిన కథకు వెయ్యేళ్ల పైబడిన చరిత్ర ఉంది. స్విట్జర్లాండ్‌లోని సెయింట్ గాల్ మఠంలో హార్ట్‌కర్ అనే సన్యాసి క్రీ.శ. 1000 ప్రాంతంలో రాసిన పాటల పుస్తకంలో ఆ బొమ్మ ఉంది. గ్రెగోరీ చెబుతుంటాడు, పావురం ఆయనకు అందిస్తుంటుంది, ఎదురుగా లేఖకుడు రాసుకుంటుంటాడు. అయితే ఆ పావురం కథ మొదట పాటలది కాదు. గ్రెగోరీ యెహెజ్కేలు గ్రంథానికి వ్యాఖ్యానం చెబుతున్నప్పుడు జరిగిందని చెప్పుకునేవారు. మధ్యలో ఉన్న తెరకు లేఖకుడు కన్నం చేసి చూస్తే పావురం కనిపించిందట. తర్వాతి తరాలవారు ఆ కథను తీసుకెళ్లి పాటలకు ముడిపెట్టారు.

గ్రెగోరీ పోపుగా ఉన్నది 590 నుంచి 604 వరకు. ఆ కాలంలో లాటిన్ లోకంలో పాట వరసను కాగితం మీదికి ఎక్కించే పద్ధతే వాడుకలో లేదు. ఆయన తర్వాతి తరంవాడైన సెవిల్ బిషప్ ఇసిడోర్ (మరణం 636) ఈ సంగతి సూటిగానే చెప్పాడు: స్వరాలు రాతకు లొంగవు, మనిషి జ్ఞాపకంలో నిలిస్తేనే ఉంటాయి, లేదంటే పోతాయి అని. వరసతో సహా రాసిన పాటల పుస్తకాలు మనకు దొరికేది సుమారు 900 నుంచే. అంటే గ్రెగోరీకీ మొదటి స్వరలిపి పుస్తకానికీ మధ్య మూడు వందల ఏళ్ల ఎడం ఉంది.

ఆ మూడు వందల ఏళ్లలో అసలు కథ నడిచింది. 754 జనవరిలో పోపు రెండో స్టీఫెన్ ఆల్ప్స్ కొండలు దాటి ఫ్రాంకుల రాజు పెపిన్ దగ్గరికి వెళ్లాడు. ఇటలీలో లొంబార్డుల దాడి నుంచి రక్షణ కావాలి ఆయనకు. తన సింహాసనానికి మతం ఆమోదముద్ర కావాలి పెపిన్‌కు. పోపు వెంట రోమ్ గాయకుల పద్ధతీ ఆ దేశం చేరింది. మెట్స్ నగర బిషప్ క్రోడెగాంగ్ తన గుడిలో రోమ్ పద్ధతిని పెట్టాడు. పెపిన్ కొడుకు షార్లమేన్ 789లో రాజ్యమంతటా గురువులు రోమ్ గానమే నేర్చుకోవాలని శాసనం చేశాడు. అంతవరకు ఆ దేశంలో పాడుతూ వచ్చిన గాలికన్ గానం అలా అణగిపోయింది. దాని వరసలు రాసిన పుస్తకం ఒక్కటీ మిగలలేదు.

అయితే రాగాలు రాయలేని రోజుల్లో ఒక దేశపు పాటను ఇంకో దేశానికి అచ్చంగా దించడం ఎవరి తరం? దీని మీద రెండు వైపులా కోపాలున్నాయి. రోమ్‌లో జాన్ అనే డీకన్ 870లలో గ్రెగోరీ జీవిత చరిత్ర రాస్తూ, ఫ్రాంకుల మొరటు గొంతులు మా పాటను చెడగొట్టాయన్నాడు. పదేళ్లు తిరిగాక సెయింట్ గాల్‌లో నోట్కర్ దానికి బదులు రాశాడు: రోమ్ పంపిన పన్నెండు మంది గాయకులు అసూయతో, ఒక్కో ఊళ్లో ఒక్కోలా కావాలనే తప్పుగా నేర్పారని! కథ ఎవరిది నిజమైనా, పాట మారిందన్న మాట ఇద్దరూ ఒప్పుకుంటున్నారు, మనకు కావలసిందీ అదే.

దీనికి ఇంకా గట్టి సాక్ష్యం రోమ్ నగరంలోనే ఉంది. 11, 13 శతాబ్దాల మధ్య అక్కడ రాసిన ఐదు పుస్తకాలు మిగిలాయి. వాటిలో మొదటిది ట్రాస్టెవెరే పేటలోని సెయింట్ సిసిలియా గుడిది, 1071లో రాసింది. పండుగలు అవే, ప్రార్థన మాటలు దాదాపు అవే, వరస మాత్రం గ్రెగోరియన్ కాదు. రోమ్ పాట పక్క పక్క స్వరాల మీదే మెలికలు తిరుగుతూ, ఒక్క అక్షరాన్ని పట్టుకుని చాలాసేపు చుట్టూ తిరుగుతుంది. గ్రెగోరియన్ పాటలో గీత స్పష్టం. ఒక స్వరం దాటేసి గెంతుతుంది, ఎక్కడ ఎక్కిందో ఎక్కడ దిగిందో చెవికి తెలిసిపోతుంది. అందుకే చాలామంది పండితులు ఇప్పుడు అనేది: మనం గ్రెగోరియన్ అంటున్నది రోమ్ విత్తనం ఫ్రాంకుల నేలలో మొలిచిన చెట్టు. నా అభిప్రాయమూ అదే. మరి గ్రెగోరీ పేరెందుకు? కొత్త పాటను జనం నెత్తిన పెట్టుకోవాలంటే దాని వెనక పెద్ద పేరు ఉండాలి. ఎనిమిదో శతాబ్దం చివరి నుంచే పాటల పుస్తకాల ముందుమాటల్లో ఆ పేరు కనిపిస్తుంది.

పిల్లలకు పావురం కథ చెప్పండి, తప్పేం లేదు. దాంతోపాటు, రాత లేని రోజుల్లో ఏడాది పొడవునా పాడాల్సిన వందల పాటలను గుండెలో మోసిన పేరు తెలియని గాయకుల గురించి కూడా చెప్పండి.

*

సందేహం: పాశ్చాత్య ప్రార్థన గానంలోనూ గ్రీకు గానంలోనూ ఎనిమిది ‘మోడ్’లు ఉన్నాయని చదివాను. ఇవి మన మేళకర్తల లాంటివా, రాగాల లాంటివా? ఒకరి నుంచి ఒకరు తీసుకున్నారా?
– విజయవాడ నుంచి ఒక సంగీత ఉపాధ్యాయురాలు

సమాధానం: మీకు కర్ణాటక సంగీతం తెలుసు కాబట్టి హార్మోనియం ముందు కూర్చుని ఈ జవాబు చదవండి. శంకరాభరణం తెల్ల మెట్ల మీదే పలికే చోట షడ్జం పెట్టుకోండి. పాశ్చాత్య గానంలో ఎనిమిది మోడ్‌లూ నాలుగు ముగింపు స్వరాల మీద నిలబడి ఉన్నాయి. ఆ నాలుగూ మీ రి, గ, మ, ప. ఇక గ్రహభేదం చేయడం మీకు చెప్పక్కర్లేదు. రిషభాన్ని ఆధారం చేసుకుంటే ఖరహరప్రియ స్వరాలు వస్తాయి, గాంధారం మీద తోడి, మధ్యమం మీద కల్యాణి, పంచమం మీద హరికాంభోజి. నిషాదాన్ని అవసరాన్ని బట్టి అర మెట్టు దించుకునే వెసులుబాటు వాళ్లకు ఉంది. అలా దించినప్పుడు మొదటిది నటభైరవి వైపు, మధ్యమం మీద ముగిసేది శంకరాభరణం వైపు జరుగుతుంది. ఒక్కో ముగింపు స్వరానికి రెండేసి మోడ్‌లు. ఒకటి ఆ స్వరం నుంచి పైకి విహరిస్తుంది, రెండోది దాని కిందికి కూడా దిగి చుట్టూ తిరుగుతుంది. నాలుగు రెళ్లు ఎనిమిది.

ఇంతవరకు మేళకర్తలా కనిపిస్తుంది. పోలిక ఇక్కడితో ఆగిపోతుంది. పశ్చిమ దేశాల్లో పాటలు ముందు పుట్టాయి, మోడ్‌లు తర్వాత వచ్చాయి. గ్రీకు పేర్లతో సహా ఈ ఎనిమిది అరల పద్ధతిని తూర్పు నుంచి తెచ్చుకుని, అప్పటికే నోట ఉన్న పాటలను వాటిలో సర్దారు. ఫ్రాన్స్‌లోని సెయింట్ రికియే మఠానికి చెందిన ఎనిమిదో శతాబ్దం చివరి పట్టిక ఇలాంటివాటిలో అన్నిటికంటే పాతది. ఇలా సర్దడం పనికిమాలిన పనేమీ కాదు. ఒక చిన్న పల్లవి పాడి, వెంటనే దావీదు కీర్తన అందుకోవాలి, మళ్లీ పల్లవికి రావాలి. రెండూ అతుక్కోవాలంటే ఏ పల్లవికి ఏ కీర్తన వరస పడుతుందో గాయకుడికి తెలియాలి. అందుకు పట్టిక. ఏ అరలోనూ ఇమడని మొండి పాటలు కూడా కొన్ని ఉన్నాయి. వాటిని అక్కడక్కడా సవరించి లోపలికి నెట్టారు. అలా నెట్టిన జాడలు చేతిరాత పుస్తకాల్లో కనిపిస్తాయి.

తూర్పున సంగతి వేరు. ఎనిమిది వరసల పద్ధతి జెరూసలేం చుట్టుపక్కల పాలస్తీనా మఠాల్లో బలపడింది. అక్కడ అది కాలచక్రం కూడా. ఈస్టర్ తర్వాత మొదలుపెట్టి వారానికొక వరస చొప్పున ఎనిమిది వారాలు పాడి, మళ్లీ మొదటికి వస్తారు. బైజాంటైన్ (గ్రీకు) గానంలో ఒక్కో వరసకు తనవే అయిన సంచారాలు, నిలిచే చోట్లు, ముగించే తీరు ఉంటాయి. స్వరాల మధ్య ఎడం కూడా హార్మోనియం మెట్లకు అందదు. మీ చెవికి అది మేళం కాదు, రాగమే అనిపిస్తుంది. వెనక కొందరు ఆధార స్వరాన్ని పట్టుకుని నిలబడతారు, దాన్ని ‘ఇసోన్’ అంటారు. మన తంబురా శ్రుతి గుర్తుకు రావడం సహజమే కానీ, ఆ అలవాటు గురించిన రాతలు చాలా తర్వాతి కాలానివే. దాన్ని ఆది సంఘాల కాలానికి తీసుకెళ్లకూడదు.

ఎవరి నుంచి ఎవరు తీసుకున్నారన్న ప్రశ్నకు చిన్న జవాబు చాలు. మన డెబ్బై రెండు మేళాల పథకం వేంకటమఖి కాలానిది, 17వ శతాబ్దం. వాళ్ల ఎనిమిది అంతకు ఎన్నో వందల ఏళ్లు పాతవి. పోలిక చూసి చుట్టరికం కలపడం నాకిష్టం లేదు. పైగా క్రైస్తవ గానమంతా ఎనిమిదిలో లేదు. మిలన్ పాటకు ఆ పద్ధతి లేదు, ఈజిప్టు కాప్టులకు లేదు, తూర్పు సిరియన్లకు లేదు. ఇథియోపియన్లకు ఉన్నవి మూడే.

*

సందేహం: మొదటి మూడు శతాబ్దాల్లో క్రైస్తవులు ఏం పాడారు? యూదుల సమాజమందిరం పాటే గుడి పాటగా మారిందంటారు కదా?
– హైదరాబాద్ నుంచి ఒక చరిత్ర విద్యార్థి

సమాధానం: పాడారని తెలుసు. సుమారు 112లో బిథీనియా పాలకుడు ప్లినీ చక్రవర్తికి రాసిన ఉత్తరంలో, వీళ్లు తెల్లవారకముందే కూడి క్రీస్తును దేవుడిగా ఎంచి ఒకరి తర్వాత ఒకరు పాడుకుంటారని ఉంది. వరస విషయానికి వస్తే చేతిలో ఉన్నది ఒక్క ముక్క. ఈజిప్టులోని ఆక్సిరింకస్ చెత్తదిబ్బల్లో దొరికిన పాపిరస్ చీటీ. మూడో శతాబ్దం చివరిది, అచ్చులో వెలువడింది 1922లో. ఒక వైపు ధాన్యం లెక్కలు. ఆ చీటీని పారేయకుండా వెనక వైపు ఎవరో త్రిత్వ స్తుతి ఒకటి రాసుకుని, మాటల మీద గ్రీకుల సొంత స్వర సంకేతాలు పెట్టుకున్నారు. ఆ లిపిని చదవడం మనకు తెలుసు కాబట్టి ఆ పాట ఇవాళ పాడగలం. దాని ధోరణి గ్రీకు సంగీతానిదే. ఆ తర్వాత ఆరు వందల ఏళ్ల పాటు క్రైస్తవ లోకంలో ఇలాంటి పూర్తి ఆనవాలు మళ్లీ దొరకదు.

సమాజమందిరం మాట 20వ శతాబ్దం మొదట్లో బలంగా వినిపించింది. ఇడెల్‌సోన్ అనే పండితుడు యెమెన్ యూదుల పాటలను రికార్డు చేసి, గ్రెగోరియన్ వరసలతో పోల్చి చూపాడు. ఎరిక్ వెర్నర్ దాన్ని పెద్ద సిద్ధాంతం చేశాడు. 1980లలో జేమ్స్ మెకినన్ పాత ఆధారాలన్నీ తిరగేసి అడిగిన ప్రశ్న ఇది: క్రీ.శ. 70కి ముందు కీర్తనల గానం జెరూసలేం దేవాలయంలో లేవీయుల పని. ఊరూరా ఉన్న సమాజమందిరాల్లో ఆరాధనలో భాగంగా కీర్తనలు పాడేవారనడానికి ఆ కాలపు సాక్ష్యం ఎక్కడ? నాకు మెకినన్ వాదనే సబబుగా ఉంది. యూదుల దగ్గర నుంచి కీర్తనల గ్రంథం వచ్చింది, గ్రంథ పఠనాన్ని రాగయుక్తంగా పలికే అలవాటు వచ్చింది, పండుగ భోజనాల దగ్గర పాడుకోవడం వచ్చింది. ఫలానా వరస అక్కడిదేనని చేయి పెట్టి చూపించడం మాత్రం కుదరదు. కీర్తన గానం వెల్లువెత్తింది నాలుగో శతాబ్దంలో, ఎడారి సన్యాసులతో. దావీదు కీర్తనలన్నీ కంఠస్థం చేసి రాత్రింబగళ్లు పాడినవారు వాళ్లే.

*

సందేహం: మిలన్‌లో చదువుకుంటున్నాను. ఇక్కడి కథోలిక గుడుల్లో బూడిద బుధవారం లేదు, తపస్సుకాలం ఆదివారం మొదలవుతుంది. పాటలూ వేరుగా ఉన్నాయి. ఎందుకు?
– ఇటలీ నుంచి ఒక తెలుగు విద్యార్థి

సమాధానం: మీరు అంబ్రోసియన్ సంప్రదాయం గల ఊళ్లో ఉన్నారు. ఇది బిషప్ అంబ్రోస్ (374–397) పేరు మోస్తున్నది. 386లో బాల చక్రవర్తి తల్లి జస్టీనా ఏరియన్ అనే వేరే క్రైస్తవ వర్గానికి ఒక గుడి అప్పగించమంది. అంబ్రోస్ ఒప్పుకోలేదు. సైనికులు చుట్టుముట్టారు, జనం లోపలే ఉండిపోయారు. భయంతో నీరసించిపోకుండా తూర్పు దేశాల పద్ధతిలో స్తోత్రాలు, కీర్తనలు పాడించారని అగస్టీన్ తన ఆత్మకథలో రాశాడు. ఆయన తల్లి మోనికా ఆ జనంలో ఉంది. అంబ్రోస్ స్తోత్రం ఎంత సులువైన కట్టడమో చూడండి: పాదానికి ఎనిమిది అక్షరాలు, చరణానికి నాలుగు పాదాలు, పాటకు ఎనిమిది చరణాలు. అక్షరం రాని మనిషి కూడా రెండో చరణానికల్లా గొంతు కలపగలడు.

అయితే మీరు గుడిలో వింటున్న వరసలన్నీ అంబ్రోస్ కట్టినవి కావు. అవి రాతకెక్కింది 12వ శతాబ్దం ప్రాంతంలో. షార్లమేన్ సంస్కరణలో పాత పద్ధతులు కొట్టుకుపోయినప్పుడు అంబ్రోస్ పేరు మీద మిలన్ నిలబడింది. పోలిస్తే ఒక వింత తెలుస్తుంది. చిన్న పాటలు గ్రెగోరియన్ కంటే చిన్నవి, పొడుగు పాటలు ఇంకా పొడుగు. అల్లెలూయాలో చివరి అక్షరం మీద సాగే ఆలాపన, రెండోసారి పాడినప్పుడు మొదటిదానికంటే పెరుగుతుంది. పెద్ద గుడిలో అది పాడే రోజు కనుక్కుని తప్పక వెళ్లండి.

*

సందేహం: కొచ్చిలో నర్సుగా పనిచేస్తున్నాను. ఇక్కడి సిరియన్ గుడి పాట మన తెలుగు గుడుల పాటలా లేదు. ఎక్కడిది? తొలి రోజుల్లో స్త్రీలు పాడేవారా?
– ఒక తెలుగు సోదరి

సమాధానం: అమ్మా, మీ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకే ఊళ్లో ఉంది. ఎడెస్సా, ఇప్పటి టర్కీలోని ఉర్ఫా. నిసిబిస్ నగరం 363లో పారశీకుల చేతికి పోతే అక్కడి నుంచి వలస వచ్చిన ఎఫ్రేము అనే డీకన్ 373లో చనిపోయే వరకు ఆ ఊళ్లోనే ఉన్నాడు. ఆ ఊళ్లో అంతకు నూటయాభై ఏళ్ల ముందు బర్దైసాన్ అనే తత్వవేత్త దావీదును అనుసరించి 150 పాటలు కట్టాడు. ఆ బోధ ఎఫ్రేముకు నచ్చలేదు, పాటకున్న బలం మాత్రం తెలిసింది. సిరియా భాషలో చరణాల పాటలు వందలుగా కట్టి స్త్రీల బృందాలకు నేర్పాడు. ఆయన తర్వాతి తరాల కవి, సెరూగ్ యాకోబు, ఎఫ్రేమును పొగిడింది ప్రధానంగా ఇందుకే: మూసి ఉన్న స్త్రీల నోళ్లు తెరిపించాడని.

ఆ పాటల చేతిరాత ప్రతుల్లో పైన స్వరాలు ఉండవు, ఫలానా వరసలో పాడమని ఒక తెలిసిన పాట పేరు ఉంటుంది. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం పేర్లు వేసినట్టే. తెలిసినవాడికి ఆ ఒక్క మాట చాలు. తెలిసినవాళ్లు పోతే పాటా పోతుంది. ఎఫ్రేము కాలపు వరసలు అలాగే పోయాయి.

కేరళలో రెండు పాయలున్నాయి. సీరో మలబార్ వారిది పారశీక దేశం వైపు నుంచి వచ్చిన తూర్పు సిరియా పాట. 1665లో వచ్చిన బిషప్ మార్ గ్రెగోరియోస్‌తో మొదలై, ఆర్థడాక్స్, జాకొబైట్ వారి దగ్గర నిలిచింది పశ్చిమ సిరియా పాట, దానికి ఎనిమిది వరసలు. సీరో మలబార్ గుడుల్లో 1962 నుంచి మలయాళం వచ్చింది. సిరియా భాషలో పాడగల పెద్దవాళ్లు మీ ఆస్పత్రికి వచ్చే రోగుల్లోనూ ఉండవచ్చు. అడగండి, సంతోషంగా పాడతారు.

*

సందేహం: అడిస్ అబాబాలో పాఠాలు చెబుతున్నాను. ఇక్కడి గుడిలో డోలు, నాట్యం చూసి ఆశ్చర్యపోయాను. ఇది తర్వాత కలిసిందా?
– ఒక తెలుగు అధ్యాపకుడు

సమాధానం: గ్రీకు, లాటిన్ పెద్దలు వాద్యాలను విందుల్లో, నాటకశాలల్లో వినిపించేవిగా చూసి గుడి బయట ఉంచారు. ఇథియోపియా ఆ తగాదాలోకి వెళ్లలేదు. అక్కడ గానమంతటికీ మూలపురుషుడు ఆరో శతాబ్దపు అక్సుం నగరవాసి యారేద్ అని నమ్మిక. ఆయన పాడుతుంటే మైమరచిన రాజు తన శూలం ఆయన పాదంలో దిగినా గమనించలేదట, పాడే ఆయనకూ తెలియలేదట. గీజ్, ఎజిల్, అరారాయ్ అనే మూడు వరసలు ఆయనవే అంటారు. మీరు చూసిన పెద్ద డోలు, చేతి గిలక, పొడుగాటి చేతికర్ర మూడూ పాటలో భాగమే. అక్కడి స్వరలిపి 16వ శతాబ్దానిది, యుద్ధాల్లో గుడులు కాలిపోయాక పుట్టింది. మాట మీద పెట్టే చిన్న చిన్న అక్షరాలు, మరో తెలిసిన పాటలోని ముక్కను గుర్తు చేస్తాయి. ఆ ముక్క ఎలా పాడతారో ఇక్కడా అలాగే పాడాలి. అంటే మొదట వందల పాటలు నోటికి రావాలి, అప్పుడే రాత చదవగలరు. దెబ్తెరాలు అనే అక్కడి గుడి గాయకులకు చదువు ఏళ్ల తరబడి పట్టేది అందుకే.

*

సందేహం: పోయిన పాటలను మళ్లీ వినగలమా? ఎక్కడ మొదలుపెట్టాలి?
– విశాఖపట్నం, వరంగల్, డాలస్‌ల నుంచి పలువురు

సమాధానం: కొన్ని వినలేం. స్పెయిన్‌లో మొజరాబిక్ గానాన్ని 1080లో బుర్గోస్ సభ పక్కనపెట్టి రోమ్ పద్ధతి తెచ్చింది. లియోన్ పెద్ద గుడిలో పదో శతాబ్దపు పాటల పుస్తకం భద్రంగా ఉంది, పుటపుటనా స్వర చిహ్నాలు అందంగా ఉన్నాయి. కానీ అవి గొంతు పైకి పోతుందో కిందికి వస్తుందో చెబుతాయి, ఎంత దూరమో చెప్పవు. పాడేవారు ఉన్నంతకాలం ఆ మాత్రం గుర్తు చాలు. ఇప్పుడు వందల పాటల్లో మనం చదవగలిగినవి ఇరవై పైచిలుకే. ఆర్మేనియన్ల ‘ఖాజ్’ చిహ్నాలదీ ఇదే పరిస్థితి.

కొన్నిటిని మనుషులు ఆదుకున్నారు. కైరోలో రాగెబ్ మోఫ్తా అనే కాప్టు, 1920ల చివర్లో ఎర్నెస్ట్ న్యూలాండ్‌స్మిత్ అనే ఇంగ్లిష్ సంగీతకారుణ్ని రప్పించి, నైలు నది మీద తన పడవ ఇంట్లో కూర్చోబెట్టాడు. అంధ గాయకుడు మిఖాయిల్ అల్ బతనూనీ పాడేవాడు, న్యూలాండ్‌స్మిత్ రాసేవాడు. ఏళ్ల తరబడి సాగింది ఆ పని. తర్వాత మోఫ్తా స్వయంగా రికార్డింగులు చేయిస్తూ 2001లో నూటరెండేళ్ల వయసులో చనిపోయాడు. ఆ సేకరణ అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉంది. డాలస్ మిత్రులకు అది మనకంటే దగ్గరే.

మొదటిసారి వినేవారు ఈస్టర్ పూజ ప్రవేశ గీతం ‘రెసురెక్సి’తో మొదలుపెట్టండి. ముందు సొలెం మఠ సన్యాసులు పాడిన గ్రెగోరియన్ వరస, తర్వాత పాత రోమ్ వరస వినండి. మార్సెల్ పెరెస్ నడిపే ఆర్గనుమ్ బృందం పాత రోమ్ పాటలను గ్రీకు గాయకుడు లికూర్గోస్ ఏంజెలోపౌలోస్‌ను పక్కన పెట్టుకుని, ఆధార శ్రుతితో, గమకాలతో పాడింది. ఆ గమకాలు, శ్రుతి పుస్తకంలో లేవు, అవి గాయకుల ఊహ. కొందరు పండితులు ఒప్పుకోరు. నాకు ఆ రికార్డులంటే ప్రాణం. ఒక్కో వరసను రెండేసి సార్లు విని, మీకేమనిపించిందో రాయండి.